కంప్యూటర్ జాతకానికి పసుపు

దిల్‌సుఖ్‌నగర్‌లో భానుమూర్తి కంప్యూటర్ జాతకాల దుకాణం తెరిచిన నాటి నుంచీ, ఎదురరుగు మీద పంచాంగం పట్టుకుని కూర్చునే పాండురంగం పంతులుకు కడుపు మండిపోతోంది. తాను రెండు రోజులు లెక్కకట్టి రాసే జాతకాన్ని ఆ డబ్బా పది నిమిషాల్లో అచ్చేసి పారేస్తోంది. కొత్త కాలనీల జనమంతా అక్కడే బారులు తీరుతున్నారు.

ఒకరోజు ఆ వీధిలోని మణెమ్మ తన మనవడి జాతకం అక్కడ తీయించుకుని నేరుగా ఇటొచ్చింది.

"పంతులూ, జర నాలుగు మూలలకు పసుపు పెట్టు."

శుభమైన కాగితాన్ని ఉత్తగా పంపడం ఆయనకు తెలియదు. రోజూ అక్కణ్ణుంచి వచ్చే అందరికీ పెట్టినట్టే పెట్టాడు. కానీ ఉక్రోషం ఆగలేదు.

"గా డబ్బాను ఎట్ల నమ్ముతున్నరు మణెమ్మా?"

"డబ్బానెవరు నమ్మిన్రు? నువ్వు పసుపు పెడ్తున్నవనే గద అందరం పోతున్నం!"