సొలాంజ్ అడిగిన పేరు

పాఠం మధ్యలో కోర్టు అమీను వాసర్ లోపలికి వచ్చి, టోపీ అయినా తీయకుండా, “కంప్యూటర్ల మీద నుంచి చేతులు తీయండి” అన్నాడు.

ఫ్రాన్సులోని రూబే పట్టణంలో, మూతపడిన నూలుమిల్లు వెనక, మా తరగతి గది. తెల్లవారకముందే ఆఫీసులు కడిగి వచ్చిన ఆడవాళ్ళు పదింటికి అక్కడ ఫ్రెంచి నేర్చుకుంటారు. ఆ మంగళవారం ముప్పైతొమ్మిది మంది ఉన్నారు. ఒక్కరూ కదలలేదు.

జడ్జి ఉత్తర్వును అమీను చదివి వినిపించాడు. కాంట్రాక్టర్ల పనివాళ్ళకు చదువు చెప్పే శిక్షణ కంపెనీ మా మీద దావా వేసింది. మా పాఠాలు వాళ్ళ పుస్తకంలోవట, మా పాత టీచరు సొలాంజ్ వాటిని దొంగిలించిందట. కంప్యూటర్లు వెతికి, దొరికితే సీలు వేసి పట్టుకుపోవాలట.

సొలాంజ్ ఫిబ్రవరిలో చనిపోయింది. తొమ్మిదేళ్ళు ఆ కంపెనీలో పాఠాలు చెప్పింది. వాళ్ళు తీసేశాక ఇక్కడికి వచ్చి, ఊపిరి ఉన్నంత కాలం ఉచితంగా చెప్పింది. ఆమె పోయాక పాఠాలు నేను చెబుతున్నా, ఆమె కుర్చీలో మేమెవరమూ కూర్చోవడం లేదు. అమీను వెంట వచ్చిన కంప్యూటర్ నిపుణుడు నేరుగా వెళ్ళి అందులోనే కూర్చున్నాడు.

“పన్నెండు రోజుల్లో పరీక్షయ్యా,” అంది జులిఖా. “తప్పితే నాకు ఈ దేశంలో ఉండనిచ్చే పదేళ్ళ కార్డు రాదు. వీటిని తీసుకుపోతే నేనేం వినాలి, ఏం చదవాలి?”

“అది నా పరిధిలో లేదమ్మా.”

“ఆయన పరిధి నాకు తెలుసక్కా,” అంది కూంబా. “ఆయన ఆఫీసు మెట్లు కడిగేది నేనే. పదిహేడు మెట్లు.”

నవ్వులు లేచి, అంతలోనే ఆగిపోయాయి. నిపుణుడు కంపెనీ పుస్తకంలోని వాక్యం ఒకటి పైకి చదివాడు: “నేను నాలుగో అంతస్తు కడిగాను. చేతి తొడుగులు అడిగితే సూపర్‌వైజరు నవ్వుతూ ఇచ్చాడు.”

“ఇచ్చాడా?” జులిఖా లేచి నిలబడింది. “ఎవడిచ్చాడు?”

సొలాంజ్ ఏనాడూ తానుగా ఉదాహరణలు కల్పించలేదు. ఆ పూట పనిలో ఏం జరిగిందో నేర్చుకునేవాళ్ళనే చెప్పమని, వాళ్ళ అనుమతితో రికార్డు చేసి, ఆ మాటలతోనే పాఠం కట్టేది. కంప్యూటర్లో ఆ పాఠం పక్కనే, ఆమె కంపెనీలో చెప్పేటప్పటి, ఆరేళ్ళ నాటి రికార్డు ఒకటి నిపుణుడికి కనబడింది. “వినిపించండి” అన్నాను.

ముందుగా దగ్గు. మాకందరికీ తెలిసిన దగ్గు. కూంబా శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గది నిండా సొలాంజ్ గొంతు: “మళ్ళీ చెప్పు జులిఖా. భయపడకుండా చెప్పు.”

“నేను నాలుగో అంతస్తు కడిగాను. నేల కడిగే మందుకు చేతులు బొబ్బలెక్కాయి. తొడుగులు అడిగితే సూపర్‌వైజరు నవ్వాడు.”

“ఎవరు నవ్వారు? పేరు చెప్పు.”

ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ రోజు జులిఖా జవాబు చెప్పలేదు. యంత్రంలో నిశ్శబ్దం సాగుతూనే ఉంది. అవతల చచ్చిపోయిన మనిషి ఓపికగా ఎదురుచూస్తున్నట్టే ఉంది. నిపుణుడు కుర్చీలోంచి లేచి పక్కకు తప్పుకున్నాడు.

“రెజి బ్లాంకార్,” అంది జులిఖా, ఆ ఖాళీ కుర్చీతో. తర్వాత అమీను వైపు తిరిగింది. “రాసుకోండి. ఆ మాట నాది. ‘ఇచ్చాడు’ అన్న అబద్ధం మాత్రం వాళ్ళది.”

వాసర్ కలం ఆగింది. “ఈ నివేదిక కంపెనీకి వెళుతుందమ్మా. అక్కణ్ణించి మీ కాంట్రాక్టరు చేతికి. మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి.”

“ఆరేళ్ళు ఆలోచించాను.”

“ఇక్కడున్నవాళ్ళు చెప్పింది రాయడం మీ విధి,” అన్నాను నేను.

అతడు రాశాడు. వెంటనే కూంబా బల్ల ముందుకు వచ్చింది. “ముప్పైఒకటో పేజీలో పడిపోయిన నిచ్చెన నాది. పడింది నేను. నడుం విరిగితే సెలవివ్వలేదు. పుస్తకంలో నాకు పూలగుత్తి ఇచ్చారేం?” ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. వరుస తలుపు దాటి మెట్ల మీదకు సాగింది. సాయంత్రం నాలుగింటికి అమీను చేయి నొప్పెట్టి ఆగాడు. కూంబా అతడికి టీ ఇచ్చి, “తాగి రాయండయ్యా, ఇంకా తొమ్మిది మందిమి ఉన్నాం” అంది.

కంప్యూటర్లకు సీలు పడింది. వాటిని పట్టుకుపోయారు. సొలాంజ్ గొంతూ వాటితోనే పోయింది.

గురువారం జులిఖాను పనిలోంచి తీసేశారు. కారణం చెప్పలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి గుమాస్తాలు వచ్చేసరికి జులిఖా పనిచేసిన ఆఫీసు భవనంలో ఒక్క అంతస్తూ కడిగి లేదు. ముప్పైతొమ్మిది మందీ గేటుకు అడ్డంగా నిలబడ్డారు. బ్లాంకార్ పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు.

“మీకు ఇదంతా నేర్పిందెవరు?” అని అరిచాడు. “ఆ మనిషి పేరు చెప్పండి!”

“సొలాంజ్,” అంది కూంబా. “శ్మశానంలో ఉంది. వెళ్ళి అరెస్టు చేసుకో.”