ఫారంలో పట్టని తమ్ముడు

పరాయి దేశంలోని ఆ ఊళ్లో మనవాళ్లెవరికి ఒంట్లో బాగోకపోయినా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లరు, ఫారాలక్క దగ్గరికి వెళ్తారు. వెళ్లక చస్తారా మరి! ఇన్సూరెన్స్ కార్డు లేకుండా ఆస్పత్రి మెట్లెక్కితే రోగం సంగతి దేవుడెరుగు, బిల్లు చూసి గుండె ఆగుతుంది. లైబ్రరీ కింది గదిలో ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు దెబ్బలు వేస్తేగాని కదలని జిరాక్స్ మిషను. వారానికి మూడు రోజులు అక్కడ కూర్చుని, వలస వచ్చినవాళ్లకు తక్కువ ఖర్చులో ఇన్సూరెన్స్ దొరికేలా దరఖాస్తులు నింపిపెట్టడం ఆమె పని. ఆస్పత్రిలో భాష రానివాళ్ల పక్కన నిలబడి వాళ్ల మాట డాక్టరుకీ, డాక్టరు మాట వాళ్లకీ చెప్పడం కూడా ఆమె నెత్తినే పడింది. ఆరేళ్లలో మూడు వేల పైచిలుకు ఫారాలు నింపింది. కళ్లు మూసుకుని నింపేస్తానని లోలోపల మురిసిపోయేది కూడా. అదిగో, అక్కడే వచ్చింది చిక్కంతా.

ఇళ్లకు రంగులేసే పెయింటరొకాయన మొదటిసారి వచ్చినప్పుడు గోళ్ల సందుల్లో తెల్లరంగు ఇంకా అలాగే ఉంది. పన్నెండు మెట్లు దిగడానికే ఆయన రెండుసార్లు ఆగాడు. ఎక్కడం కూడా కాదు, దిగడానికి! గుండెలో ఒక కవాటం పాడైంది, ఆపరేషన్ చేసి మార్చాలి, మూడు నాలుగు నెలలకు మించి ఆగితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడట. కార్డు చూపిస్తేనే ఆపరేషన్‌కు తేదీ ఇస్తారు.

“ఇంట్లో ఎంతమంది అన్నగారూ?” అంది అక్క తలెత్తకుండానే.

“ఏడుగురమమ్మా.”

“సంపాదించేవాళ్లు?”

“నేనూ, మా తమ్ముడూ. వాడు లారీ తోలతాడు. మా మరదలు కూడా పనికెళ్తుంది.”

రాసేసింది. రెండు గదుల ఇంట్లో పెయింటరు, భార్య, ఇద్దరు పిల్లలు. తమ్ముడు, మరదలు, వాళ్ల చంటిది. ఒకే వంట, ఒకే బియ్యం డబ్బా. మనలో ఎవర్నడిగినా ఏడుగురనే చెబుతారు. ఆ ఫారానికి మాత్రం కుటుంబమంటే మొగుడూ పెళ్లాం, పెళ్లికాని పిల్లలు, అంతే. ఈ ముక్క అక్కకు తెలియక కాదు. మీరు, మీ ఆవిడ, మీ పిల్లలు అని విడమరిచి అడగాలి. రోజూ అలాగే అడుగుతుంది. ఆ రోజు బయట పదకొండుమంది కూర్చుని ఉన్నారు, తొందరపడింది.

ఐదు వారాలకు ఉత్తరం వచ్చింది. ముగ్గురి జీతాలూ కలిపి లెక్కేసి, మీ ఆదాయం పరిమితి దాటింది, కార్డు ఇవ్వలేమన్నారు. మళ్లీ పెట్టుకోవాలంటే శుక్రవారం ఆఖరు రోజు, ఆ తర్వాత వచ్చే ఏడాదే. అక్క ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. దానికి జతచేసిన ఫారం నకలులో ఏడుగురని తన చేతిరాత తనకే కనబడుతుంటే తల కొట్టేసినట్టయింది.

గురువారం పొద్దున్నే అన్నదమ్ములిద్దర్నీ పెయింటరు భార్యనూ పిలిపించి కూర్చోబెట్టింది. “తప్పు నాదేనండీ. నేను అడగాల్సినట్టు అడగలేదు. ఇదిగో, కొత్త ఫారం. కుటుంబం నలుగురు. మీ తమ్ముడిగారి కుటుంబం వేరే. అదే ఇంట్లో ఇంకెవరున్నారని ఇక్కడ అడుగుతాడు. అద్దెలో సగం ఆయనే ఇస్తున్నారు కదా, అద్దెకుంటున్నారని రాశాను. ఇందులో అబద్ధమేం లేదు. కింద సంతకం పెడితే సాయంత్రానికల్లా నేనే పట్టుకెళ్లి ఇచ్చేస్తాను.”

పెయింటరు కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టాడు.

“వీడికి తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న పోయాడమ్మా. జ్వరమొస్తే భుజాన వేసుకు తిరిగాను. ఇప్పుడు వీణ్ని అద్దెకున్నవాడని రాసి సంతకం పెట్టమంటావా? దీన్ని వేరుపడ్డం కాక ఇంకేమంటారు?”

“కాగితం మీదే కదా అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు. “పోనీ, నెల తిరక్కుండా అద్దె ఇచ్చే బుద్ధిమంతుడని ఓ ముక్క కూడా రాయించు.”

ఎవరూ నవ్వలేదు. అక్క నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. చట్టం సంగతి చెప్పింది, గడువు సంగతి చెప్పింది, చివరికి బతిమాలింది. ఆయన కిటికీలోంచి రోడ్డు మీద నడిచేవాళ్ల కాళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. ఏం పంతమో ఏమో, చావు గుమ్మంలో నిలబడి ఉంటే ఈయనకు మాట పట్టింపు!

అప్పుడు ఆయన భార్య నోరు విప్పింది. “పదహారేళ్లయింది మన పెళ్లై. నలుగురిలో మీకు ఎదురు చెప్పానా ఎప్పుడైనా? ఇవాళ చెబుతున్నాను. రాత్రి మీరు దగ్గు ఆపితే నాకు భయమేస్తోంది, ఊపిరి కూడా ఆగిందేమోనని. మీరుంటేనే కదా కలిసుండడమైనా, విడిపోవడమైనా. పెట్టండి సంతకం.”

పెట్టాడు. పెట్టి, తమ్ముడి మొహం చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పందొమ్మిది రోజులకు కార్డొచ్చింది, ఆ వారంలోనే తేదీ కూడా ఇచ్చారు. అక్క ఊపిరి పీల్చుకుంది. తన తప్పు దిద్దుకున్నాననుకుంది పిచ్చితల్లి.

ఆపరేషన్ రోజు పొద్దున పెయింటరుకు ఆస్పత్రి గౌను తొడిగి మంచం మీద పడుకోబెట్టారు. ఒకవైపు భార్య, ఇంకోవైపు అక్క. కాళ్ల దగ్గర బట్టల సంచి పట్టుకుని తమ్ముడు. నర్సు కంప్యూటర్ ముందు కూర్చుని మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ అడుగుతూ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కబురు ఎవరికి చెప్పాలి, లోపలికి ఎవర్ని రానివ్వాలి, మీవాళ్లెవరు? అక్క తెలుగులో అడిగింది.

“నా భార్య ఒక్కతే,” అన్నాడు పెయింటరు.

నర్సు సంచి పట్టుకున్న మనిషి వైపు చూసింది. “మరి ఆయన?”

ఆ ప్రశ్న అక్క చెప్పనక్కర్లేకుండానే పెయింటరుకు అర్థమైంది. ఆయన చూపు కంప్యూటర్ మీదికి పోయింది. “మా ఇంట్లో అద్దెకుంటాడు,” అన్నాడు.

అక్క వంగి, మెల్లగా, “అన్నగారూ, ఆ ఫారం వేరు, ఇది వేరు. ఇక్కడ తమ్ముణ్ని తమ్ముడనొచ్చు. కార్డెక్కడికీ పోదు. నా మాట నమ్మండి,” అంది.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “ఏడుగురని రాసిందీ నువ్వే, నలుగురని రాసిందీ నువ్వే. ఇప్పుడు మళ్లీ ఇంకోలా చెప్పమంటున్నావు. ఇంతదాకా వచ్చాక ఏ మాటకు ఏమవుతుందో నాకెలా తెలుస్తుందమ్మా? నేను చెప్పిందే చెప్పు.”

మధ్య మనిషి తన మాట కలపకూడదు, రోగి ఏమంటే అదే చెప్పాలి. ఆ ఉద్యోగంలో మొదటి రోజు నేర్పేది అదే. అక్క, అద్దెకుండే ఆయన అని నర్సుకు చెప్పింది. అలా అయితే బయట కూర్చోవాలని నర్సు మర్యాదగానే అంది. తమ్ముడికి ఆ భాష బాగానే వచ్చు. సంచి వదిన కాళ్ల దగ్గర పెట్టి బయటికి నడిచాడు.

కాసేపటికి మంచాన్ని తోసుకుంటూ వరండాలోకి తెచ్చారు. పక్కన ఇద్దరు ఆస్పత్రి మనుషులున్నారు. తమ్ముడి ముందునుంచి పోతున్నప్పుడు పెయింటరు తల గోడవైపు తిప్పుకున్నాడు. తమ్ముడు దారికి అడ్డమొచ్చిన పరాయివాడిలా రెండడుగులు వెనక్కి వేశాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ఐదున్నర గంటలు. పెయింటరు భార్య కుర్చీలోంచి లేవలేదు, మంచినీళ్లు ముట్టలేదు. తమ్ముడు వరండా ఆ చివర కిటికీ దగ్గర నిలబడే ఉన్నాడు. అక్క రెండుసార్లు వెళ్లి పిలిచింది. “వద్దక్కా, అన్నయ్య చెప్పాడుగా,” అన్నాడు.

డాక్టరు టోపీ తీస్తూ బయటికొచ్చి, పెయింటరు తాలూకు ఎవరని అడిగాడు. ఆమె ఒక్కతే లేచింది. పక్కన నిలబడి అక్క ప్రతి మాటా చెప్పింది. కవాటం మార్చాం. గుండె బాగా కొట్టుకుంటోంది. ప్రమాదం లేదు. రేపు లేచి కూర్చుంటాడు. ఆమె రెండు చేతులూ జోడించి కూలబడిపోయి బావురుమంది. నర్సులు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నారు, భుజం తట్టారు.

అక్క తలెత్తి చూసింది. డాక్టరు చెప్పింది ఆ చివరిదాకా వినబడినట్టుంది. తమ్ముడు కిటికీ వైపు తిరిగిపోయి, నోట్లో చొక్కా చేతిని కుక్కుకుని, చప్పుడు రాకుండా వెక్కుతున్నాడు. అద్దెకుండేవాడు అంతలా ఏడిస్తే ఎవరికైనా అనుమానం రాదూ? అక్క వెళ్లి, వరండాలో వాళ్లెవరికీ అతను కనబడకుండా అడ్డంగా నిలబడింది.