మంద అప్పజెప్పిన పొద్దు

మా పెళ్లయి ఇరవై తొమ్మిది రోజులు. ఆ వారమే నేను వికారాబాద్‌లో తెలుగు చెప్పే ప్రైవేటు బడికి రాజీనామా ఇచ్చాను. కరస్పాండెంట్ సార్ ఫోన్ మాట్లాడుతూనే కాగితం తీసుకుని సంతకం పెట్టి, ఇక వెళ్లమన్నట్టు తల ఊపారు. మూడేళ్ల ఉద్యోగం మూడు నిమిషాల్లో అయిపోయింది. నాకేం బాధ కలగలేదు. స్టేషన్ బయట మా ఆయన నవీన్‌కుమార్ వేడి మిర్చీబజ్జీల పొట్లంతో నిలబడి ఉన్నాడు. తాండూరు దాకా రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఇంకేం కావాలి?

ఇంటికొచ్చి నవీన్ వాళ్ల తాత దేవప్పకు ఆ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. పిల్లలకు చెప్పావా అని అడిగాడు. సెలవుల్లో ఇచ్చాను కదా, చెప్పలేదన్నాను.

"సారుకు చెప్తే ఏమైతది, బిడ్డా? నీ మాట ఇన్నోళ్లు గద ఒప్పుకోవాలె."

ఆయన దిగులు వేరే. తాత అరవై ఏళ్లుగా గొర్రెలు కాస్తున్నాడు. మోకాళ్లు పోయాయి. కాగ్నా నది ఒడ్డున రెండుసార్లు పడ్డాడు. మామయ్య, నవీన్ ఇద్దరూ తాండూరులో బండల పాలిష్ మిషన్ల దగ్గర పని చేస్తారు. మందను తీసుకుంటానన్నది మా అత్తమ్మ మల్లీశ్వరి ఒక్కతే. తీసుకో, కానీ అవి నీ వెనక రాకపోతే వచ్చే ఆదివారం మందంతా అమ్మేద్దామన్నాడు మామయ్య. తాత సరేనన్నాడు. ఆ పూట ఆయన కంచంలో అన్నం అట్లాగే ఉండిపోయింది.

మంద అప్పజెప్పడానికి వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. ఇచ్చేవాడు తన గొంగడిని తీసుకునేవాళ్ల భుజాన వేసి, మందకు వీపు చూపించి కూర్చోవాలి. పిలవకూడదు, తాకకూడదు, వెనక్కి చూడకూడదు. ఒక్కసారి చూసినా గొర్రెలు ఇక ఇంకెవరి మాటా వినవట.

మర్నాడు తెల్లవారగానే తాత, అత్తమ్మ, నవీన్, నేను మందతో కంది కోసిన చేలోకి వెళ్లాం. తాత అత్తమ్మ నుదుట పసుపు పెట్టి, గొంగడి కప్పి, కర్ర చేతికిచ్చాడు. తర్వాత ఒక నాపబండ మీద అటు తిరిగి కూర్చున్నాడు.

అత్తమ్మ ముందుకు నడిచి, నాలుక అంగిట్లో ఆడించి "హోయ్" అని దీర్ఘం తీసింది. అచ్చం తాత గొంతే. పదిహేను రోజులుగా వంటింట్లో నేర్చుకుంది మరి. గొర్రెలు తలలెత్తాయి, కదిలాయి, నేరుగా వెళ్లి తాత చుట్టూ చేరాయి. ముందుండే పెద్ద గొర్రె ఆయన మెడ మీద మూతి ఆనించింది. ఆయన రెండు చేతులతో మోకాళ్లు బిగించి పట్టుకున్నాడు. తల మాత్రం తిప్పలేదు.

వదులుకోవడం, విరమించుకోవడం, సరిపెట్టుకోవడం: ఈ మాటలన్నీ పిల్లల చేత పలకమీద రాయించినదాన్ని నేను. ఆ వీపుకు ఏ మాట సరిపోతుందో నాకు తోచలేదు.

అత్తమ్మ మళ్లీ పిలిచింది, ఈసారి ఇంకా తాతలాగా. వెనకబడిన ఒకటి రెండు కూడా ఆయన దగ్గరికే పోయాయి. తాత గొంతు వింటే తాత దగ్గరికి కాక ఎక్కడికి పోతాయి? నేను పరుగెత్తుకెళ్లి ఆమె చెవిలో చెప్పాను.

"పొద్దుగాల చాయ్‌కి నన్ను పిలుస్తరు సూడు, గట్ల పిలువుండ్రి అత్తమ్మా."

"నువ్వేమన్న గొర్రెవానే?" అంది. అయినా గొంతు సవరించుకుంది. వాకిట్లో నిలబడి నన్ను పిలిచేటప్పటి ఆ సాగదీతతోనే, సిగ్గుపడుతూ పిలిచింది.

"రాయే... చల్లారిపోతది, రాయే..."

పెద్ద గొర్రె చెవులు కదిలాయి. చాలాసేపు ఆమె వైపు చూసింది. తర్వాత తాత మెడ మీది నుంచి మూతి తీసి, ఒక అడుగు వేసింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత అన్నీ. ఎవరూ అరవలేదు, ఎవరూ తోలలేదు. నా చీర కుచ్చిళ్లకు రెండు వైపులా వెచ్చగా రాసుకుంటూ, పాల వాసనతో, ఎనభై గొర్రెలు ఏరు మళ్లినట్టు మళ్లాయి.

"ఏడిదాంక పోయినయి?" అన్నాడు తాత, తల తిప్పకుండానే.

బండల కుప్పలు దాటాయన్నాను. పెద్ద గొర్రె ముందుందన్నాను. ఆయన తల ఆడించాడు. గిట్టల చప్పుడు ఆగిపోయాక కూడా తిరిగి చూడలేదు. నవీన్ లేపి నిలబెట్టాడు. కానీ ఆయన కాలు కదపలేదు.

"అరవై ఏండ్లు అవి ఎటు పోతే నేనటు పోయిన. ఇప్పుడెటు పోవాల్నో తెలుస్తలేదు. జర నువ్వు ముందు నడువు, బిడ్డా," అన్నాడు నాతో.

ఆ ఊరి దారులు నాకింకా తెలియవు. గట్టెక్కి ఎడమకు తిరగాలో కుడికి తిరగాలో కూడా తెలియదు. కొంగు సర్దుకుని, తాత చెయ్యి పట్టుకుని, ఎడమకే తిరిగాను.