ఖాళీ కాటా

మా దొడ్డమ్మ ఎవరినీ తిట్టదు. తిడితే బాగుండును, నేనూ నాలుగు మాటలని ఊరుకునేదాన్ని. ఆవిడ "అండి" అంటుంది, "అమ్మా" అంటుంది, ఆ మర్యాదలోనే సూది పెట్టి గుచ్చుతుంది. ఆ ఆదివారం కూడా అంతే. కొడుకు ఆదిత్యది గేము రిమోట్ తెచ్చి టీవీ ముందు టీపాయ్ మీద పెట్టి, వంటింట్లో ఉన్న నాకు వినపడేలా పెదనాన్నగారితో అంది.

"నేను ఎవరినీ ఏమీ అనడం లేదండి. ఇన్నాళ్ళూ మనింట్లో ఏ వస్తువూ పాడవలేదు. కొత్త చెయ్యి పడ్డాకే ఇలా అయింది. అంతే."

కొత్త చెయ్యి అంటే నాది. భీమవరంలో ఇంటర్ చదువుకోవడానికి పెదనాన్నగారింట్లో ఉండేదాన్ని. మా నాన్న వెంకటరాజు ఆయనకి సొంత తమ్ముడు. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి మా చెరువులు పోయాక, అన్నగారి చెరువుల మీదే అజమాయిషీ చేసేవారు. మా ఊరి నుంచి కాలేజీ వేళకి బస్సు లేదు. హాస్టల్లో చేర్చే తాహతు నాన్నకి లేదు. నెల తిరిగితే పరీక్షలు. ఈ ఇంట్లోంచి పొమ్మంటే నా చదువు అంతటితో సరి. ఈ సంగతి దొడ్డమ్మకి తెలుసు, నాకు తెలుసు, ఆదిత్యకి ఇంకా బాగా తెలుసు.

ఆదిత్య నా ఈడువాడే. అన్నయ్యా అని పిలవాలిట. ఎంట్రన్స్ కోచింగ్ పేరు చెప్పి హైదరాబాదు వెళ్ళొచ్చాడు. వాడు లేనప్పుడు నేను గేము ఆడిన మాట నిజం, దొడ్డమ్మని అడిగే ఆడాను. రెండు చేతులతో పట్టుకునే ఆ రిమోట్ మీద బొటనవేలితో తిప్పే బొడిపె ఉంటుంది, దాన్ని స్టిక్ అంటారు. ఎటు నెడితే తెరమీద మనిషి అటు నడుస్తాడు. నేను వేలు పెట్టకముందే ఆ మనిషి ఎడమ పక్కకి పోయి గోడకి గుద్దుకుంటున్నాడు. పెద్దవాళ్ళ వస్తువులింతేనేమో అనుకుని నోరు మూసుకున్నాను. వీడు ఊరినుంచి వస్తూనే "సుప్రజ స్టిక్ పాడుచేసేసింది" అని ఇల్లెగిరిపోయేలా అరిచి, ఆ వంకతో చెన్నై నుంచి కొత్త రిమోట్ తెప్పించుకున్నాడు.

పెదనాన్నగారు శ్రీనివాసరాజుగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయనది రొయ్యలు కొని ఎగుమతి చేసే వ్యాపారం. ఏ తగువొచ్చినా కాటా దగ్గరికే తీసుకెళ్తారు.

"మన షెడ్డులో రొయ్యలు తూచేముందు ఏం చేస్తాంరా? ఖాళీ కాటా చూస్తాం. పైన ఏమీ లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలబడాలి. నిలబడకపోతే తప్పు కాటాది. ఏదీ, గేము పెట్టు. అందరూ చేతులు తీసెయ్యండి."

నన్నూ పిలిచారు. తడి చేతులు లంగాకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. తెరమీద ఒక వీధి, వీధి మధ్యలో ఒక మనిషి. రిమోట్ టీపాయ్ మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆ మనిషి ఉన్నట్టుండి కదిలి, ఎడమకి తిరిగి, మెల్లగా పోయి గోడకి ఆనుకుని అక్కడే కాళ్ళాడిస్తూ ఉండిపోయాడు.

"చూశారా?" అంది దొడ్డమ్మ.

"అది నేను చూసేసరికే అలా ఉందండి" అన్నాను.

"అబద్ధం. నేను వెళ్ళేటప్పుడు బాగానే ఉంది" అన్నాడు ఆదిత్య, నా ముఖం చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మాటకీ నా మాటకీ ఆ ఇంట్లో విలువ ఒకటి కాదు కదా! అప్పుడు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది.

"పెదనాన్నగారూ, కొత్తది కూడా ఓసారి చూడండి. అదీ పక్కకి పోతోందని పొద్దుట అన్నయ్యే తిట్టుకున్నాడు."

"అవునండీ, ఆ షాపువాడు అదీ డొక్కుదే పంపాడు" అన్నాడు ఆదిత్య. పాపం, గోతిలో వాడంతట వాడే దిగాడు.

"ఆడి చూపించు" అన్నారు పెదనాన్నగారు.

వాడు ఆడాడు. మనిషిని వీధిలో తిన్నగా నడిపించబోతే కుడి పక్కకి పోయి దుకాణానికి కొట్టుకున్నాడు. మళ్ళీ నడిపించాడు, మళ్ళీ కుడికే. "ఇదిగో, చూశారా" అన్నాడు.

"కింద పెట్టు. చెయ్యి తియ్యి."

పెట్టాడు. తెరమీద మనిషి వీధి మధ్యలో నిటారుగా నిలబడ్డాడు. కదలడే! అందరం చూస్తూ కూర్చున్నాం, ఈగ వాలినంత కదలిక కూడా లేదు.

పెదనాన్నగారి ముఖం మారింది. జీవితమంతా కాటాల దగ్గర గడిపిన మనిషి, ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. కొత్త రిమోట్ తప్పు లేదు, తప్పు చేతిది. ఎడమకి లాగే స్టిక్‌ని నెలల తరబడి కుడికి నొక్కి నొక్కి, వాడి బొటనవేలు దానికి అలవాటు పడిపోయింది. అంటే పాతది నేను ముట్టుకోకముందే, వాడి చేతిలోనే పాడయిందన్నమాట.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

ఆదిత్య రిమోట్ వైపు చూస్తూ అన్నాడు, "దసరా ముందు నుంచి."

"మరి ఈ పిల్ల మీద ఎందుకు చెప్పావు?"

"నేను పాడుచేశానంటే కొత్తది కొనరని..."

గెలిచాననుకున్నాను. ఎంత వెర్రిదాన్ని! పెదనాన్నగారు వాడి చెంప పగలగొడతారనీ, దొడ్డమ్మ నా తల నిమిరి "పొరబాటు పడ్డామమ్మా" అంటుందనీ ఎదురుచూశాను. దొడ్డమ్మ కొంగు కళ్ళకి అద్దుకుంది.

"మనింట్లో అన్నం తింటూ మనబ్బాయినే దొంగని చేసి నిలబెట్టింది కదండీ."

పెదనాన్నగారు లేచి టీవీ కట్టేశారు. తర్వాత ఎంతో మెత్తగా, "సుప్రజమ్మా, నాన్నకి ఫోన్ చేసి ఓసారి రమ్మనమ్మా. ఈ టీవీలూ గేముల మధ్య నీ చదువు సాగడం లేదు" అన్నారు. నిజం ఆయన కళ్ళారా చూశారు. చూసి కూడా అన్నారు. దొడ్డమ్మ సూదుల కంటే ఆ మెత్తని మాటే నన్ను ఎక్కువ పొడిచింది.

బట్టలూ పుస్తకాలూ సర్దుకుని కూర్చున్నాను. సాయంత్రం నాన్న వచ్చారు. జరిగిందంతా ఫోన్లోనే చెప్పాను, తప్పెవరిదో ఆయనకి తెలుసు. చెప్పులు వీధిలోనే విడిచి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా హాల్లో ఓ పక్కన నిలబడ్డారు. మా నాన్న కనీసం "ఏం జరిగింది అన్నయ్యా?" అనైనా అడుగుతారని నా ఆశ.

ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. పెదనాన్నగారు పేపరు చూసుకుంటున్నారు. దొడ్డమ్మ కాఫీ గ్లాసు అందించి పక్కకి జరిగింది. ఆదిత్య టీవీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాన్న కాఫీ తాగకుండానే గ్లాసు టీపాయ్ మీద పాత రిమోట్ పక్కన పెట్టి, ఎవరూ అడక్కుండానే, ఎవరూ ఆ సంగతి కదపకుండానే రెండు చేతులూ జోడించారు.

"తప్పైపోయింది వదినగారూ. చిన్నపిల్ల, తెలీక నోరు జారింది."

"ఎందుకు నాన్నా? ఎవరేమన్నారని?" అని అరిచాను. నాన్న నా వైపు చూడలేదు.

దొడ్డమ్మ మెత్తబడింది. "అయ్యో, మీరెందుకండీ మరిదిగారూ! పిల్ల కూడా ఆ ఒక్క మాట అనేస్తే ఉంటుందిలెండి. పరీక్షలు దగ్గరికొచ్చాయి, ఎక్కడికి పంపిస్తాం?"

అందరూ నాకేసి చూశారు. నాన్న చేతులింకా జోడించే ఉన్నాయి. అననుగాక అనను అనుకున్నాను, పళ్ళు బిగపట్టాను. కానీ ఆ చేతులు దించే దారి నాకు ఇంకోటి కనపడలేదు.

"తప్పైపోయింది దొడ్డమ్మగారూ" అన్నాను. అచ్చం నాన్న గొంతే వచ్చింది.

"పోనీలే అమ్మా, వెళ్ళి ముఖం కడుక్కో" అంది దొడ్డమ్మ.

పరీక్షలు రాశాను, ఫస్ట్ క్లాసు వచ్చింది. పై చదువులు చదివి ఉద్యోగమూ చేస్తున్నాను. పెదనాన్నగారి మీదా, దొడ్డమ్మ మీదా ఇప్పుడు నాకేమంత కోపం లేదు. కానీ నేనా మాట అన్న క్షణంలో నాన్న చేతులు దించి, హాయిగా ఊపిరి పీల్చుకుని, చల్లారిన కాఫీ అందుకుని తాగారు. అది మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేదు.