కడిగిన కాళ్లనే కడిగిన బేసిను

నేను ఒక ఇత్తడి బేసిన్ని. వంటింటి బేసిను అనుకునేరు! నాలో ఎవరూ బియ్యం కడగలేదు, బట్టలు నానబెట్టలేదు. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా, ఈస్టరుకు ముందు వచ్చే గురువారం సాయంకాలం, మా మందిరంలో పాస్టరు గారు నడుముకు తువ్వాలు కట్టుకుని పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. ఏడాదికొక్కసారి జరిగే ఆ పని కోసమే నేను పుట్టాను. అది అయ్యాక అందరికీ రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. దాన్ని ప్రభువు బల్ల అంటారు.

నన్ను చేయించింది సంఘ పెద్ద తీతు మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. కంచరి వీరభద్రాచారి సుత్తితో మోది మోది నాకు ఈ రూపం తెచ్చాడు. దాత పేరు నా అడుగున చెక్కబోతుంటే మాస్టారికి అనుమానం వచ్చింది.

"ఆగాగు! అడుగునైతే అందరి కాళ్లూ నా పేరు మీదే పడతాయి కదయ్యా. బయట చెక్కు, జనానికి కనపడేలా" అన్నారు.

అలా వినయానికి గుర్తుగా పుట్టిన నా ఒంటిచుట్టూ ఆయన పేరూ పదవీ డిగ్రీలూ దండ వేసినట్టు చుట్టుకున్నాయి.

ఆ పన్నెండుమందినీ ఎంచేది కూడా ఆయనే. అందరూ ఊళ్లో పెద్దమనుషులు. వాళ్లు ఏం చేసేవారో తెలుసా? ఇంటి దగ్గరే పీచుతో, సబ్బుతో కాళ్లు తోముకుని, గోళ్లు కత్తిరించుకుని, ఒకరిద్దరైతే పౌడరు కూడా రాసుకుని వచ్చేవారు. పాస్టరు గారి ముందు మురికి కాళ్లు చాపితే మర్యాదేనా మరి! పదేళ్లపాటు నాలో పోసిన నీళ్లు పోసినట్టే తిరిగి బయటికి పోయాయి. ఈ మాత్రం దానికి ఇంత ఇత్తడి ఎందుకా అని నాకే సిగ్గేసేది.

గడప దగ్గర, చెప్పుల పక్కన, మాస్టారి సొంత తమ్ముడు ఫిలేమోను కూర్చునేవాడు. బైబిలులో పక్కపక్కనే ఉండే తీతు, ఫిలేమోను అనే రెండు ఉత్తరాల పేర్లు ఏరి కొడుకులకు పెట్టాడు వాళ్ల నాన్న, ఎప్పుడూ విడిపోకూడదని. వాళ్లను విడదీసింది ఒక్క ఆమెన్. మాస్టారి ప్రార్థన మొదలైతే ఐక్యరాజ్యసమితి నుంచి పంచాయతీ కుళాయి దాకా దేన్నీ వదిలేది కాదు. ఒక క్రిస్మస్ నాడు ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన సందులో, అయిపోయిందనుకుని ఫిలేమోను గట్టిగా "ఆమెన్" అనేశాడు. జనమంతా ఆమెన్ అని లేచి నిలబడ్డారు. పిల్లలు కేకు దగ్గరికి పరుగెత్తారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఆ వారమే కమిటీని కూర్చోబెట్టి, ఆరాధనకు భంగం కలిగించాడని తమ్ముణ్ణి ప్రభువు బల్లకు దూరం చేశారు.

అది మొదలు రొట్టె పళ్లెం గడప దాకా వచ్చి వెనక్కి తిరిగేది. "ఆ ముక్క నోట్లో పడకుండానే పోతానేమోనండీ" అని ఫిలేమోను పాస్టరు సువర్ణరాజు గారి దగ్గర ఏడ్చాడు, మందిరం వెనక నేనుండే ఈ సామాన్ల గదిలోనే. పాస్టరు గారు ఎన్నిసార్లు బతిమాలినా మాస్టారిది ఒకే మాట.

"నా కాళ్ల మీద పడి అడగమనండి. అప్పుడు చూద్దాం."

"చెయ్యని తప్పుకి ఏవని అడగాలండీ?" అనేవాడు ఫిలేమోను.

పదకొండో ఏడు ఆ గురువారం పాస్టరు గారికి నడుం పట్టేసింది. "ఈసారి మీరే కడగాలి మాస్టారండీ" అన్నారు. మాస్టారి మొహం వెలిగిపోయింది. పంచెకు గంజి పెట్టించడం, అద్దం ముందు వంగి లేవడం, రోజంతా అదే పని. సాయంకాలం పదకొండు జతల తళతళలాడే కాళ్లు కడిగారు. పన్నెండో కుర్చీ ఖాళీ. ఆ పెద్దమనిషికి జ్వరమట. పాస్టరు గారు మందిరమంతా కలియజూసి, "ఫిలేమోను గారూ, మీరు రండి" అన్నారు.

ఫిలేమోను మోకాళ్ల దాకా బురదతో వచ్చి కూర్చున్నాడు. అంతమంది చూస్తుంటే మాస్టారు కాదనలేక వంగారు. నా బతుకులో మొదటిసారి నాలోకి మురికి కాలు దిగింది. నీళ్లు నల్లబడ్డాయి. అబ్బ, నా ఒళ్లు పులకరించిపోయింది!

ఒక చెంబుతో పోయే బురద కాదది. వేళ్ల సందుల్లో పట్టి రుద్దాల్సి వచ్చింది. "ఎక్కడ పొర్లాడొచ్చావురా?" అన్నారు మాస్టారు పళ్లు బిగించి.

"నీ చేలోనే అన్నయ్యా" అన్నాడు ఫిలేమోను నెమ్మదిగా. "కాలవ కట్టేసే ముందు మనకి ఇయ్యాలే కదా ఆఖరి వంతు. నీ పాలేరు మంచాన పడ్డాడంట. మడి నెర్రెలిచ్చేసింది. నీళ్లు పెట్టి ఇటే వచ్చేశా."

మాస్టారి చెయ్యి ఆగిపోయింది. గంజి పంచె హడావుడిలో నీళ్ల వంతు మాటే మరిచిపోయారాయన. ఆ తడి అందకపోతే దాళ్వా వరి, అదే ఏటి రెండో పంట, అంతా గింజ పట్టక తాలు తేలేది.

"ఇదే మొదటిసారా?"

"అప్పుడప్పుడూ పెడతానే ఉన్నా. ఎండిపోతుంటే చూస్తా ఊరుకోలేం కదా."

మాస్టారు తమ్ముడి తడి పాదాల మీద నుదురు ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పంచె బురదమయం. "నా కాళ్ల మీద పడమన్నాన్రా నిన్ను. దేవుడు నన్ను పడేశాడు. గర్విష్ఠిని ఆయన దించుతాడని ఎన్నిసార్లు చదివి వినిపించానో ఈ జనానికి. నా చెవికే ఎక్కలేదు" అన్నారు. తర్వాత పాస్టరు గారి వైపు తలెత్తి, "అయ్యగారూ, తప్పు వాడిది కాదండి, నాది. వాడికి రొట్టె ఇవ్వండి. లేదంటే ఆ గడప దగ్గర నేను కూర్చుంటా" అన్నారు.

పాస్టరు గారు నడుం నొప్పి మరిచి నిటారుగా నిలబడ్డారు. "కాదనేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని సంఘాన్ని అడిగారు. జవాబుగా ఆడవాళ్ల వైపు నుంచి స్తుతి పాట లేచింది. డోలకు అందుకుంది, చప్పట్లు కలిశాయి. నా నీళ్లు కూడా అలలు కొట్టాయి!

అది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా అంచు సొట్టపోయింది. ఏటా పొలాల నుంచి, మెకానిక్ షెడ్డు నుంచి నేరుగా వచ్చి నాలో కాళ్లు పెడతారు. నీళ్లు నల్లబడని ఏడు లేదు. అయినా నేను తలుచుకునేది ఆ గురువారాన్నే. రొట్టె పళ్లెం మాస్టారే స్వయంగా పట్టుకున్నారు. ఫిలేమోను చేతిలోంచి ముక్క జారబోతే, అన్నయ్యే పట్టుకుని తమ్ముడి నోట్లో పెట్టారు. వాడు మింగేదాకా ఆగి, అప్పుడు తానొక ముక్క తీసుకున్నారు.