ఆరో ఎన్నిక, నలభై ఏడో బూత్

మా నియోజకవర్గం ఇప్పుడు లేదు. హద్దులు మార్చినప్పుడు దాన్ని మూడు ముక్కలు చేసి చుట్టుపక్కల వాటికి పంచేశారు. మా వీధిలో ఎడమవైపు ఇళ్ళకి ఒక శాసనసభ్యుడు, కుడివైపు ఇళ్ళకి ఇంకొకాయన. ఇద్దరూ మా వీధి మొహం చూడరు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఆ లేని నియోజకవర్గానికి ఓట్ల చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. నేను ఎన్నికల కార్యాలయంలో రికార్డుల గుమాస్తాని. ముప్ఫై మూడేళ్ళ సర్వీసు, అరిగిపోయిన రెండు మోకాళ్ళు, దుమ్ము తగిలితే ఆగని తుమ్ములు. రిటైర్మెంటుకి ఇంకా ఏడు నెలలుంది.

"తొమ్మిది ఎన్నికలే కదమ్మా. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని వచ్చాయో పట్టికలు వేసి శుక్రవారానికి ఇచ్చేయండి. పుస్తకం అచ్చుకెళ్తుంది, పాత కాగితాలు గుజ్జు చేయడానికి వెళ్తాయి," అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన వయసు నా కొడుకు వయసంత. పని చెప్పేటప్పుడు మాత్రం మా తాతలాగా చెప్తారు.

మూడు వారాలు రికార్డుల గదిలో కూర్చున్నాను. గుడ్డలో కట్టిన కట్టలు విప్పడం, తుమ్మడం, అంకెలు ఎక్కించడం, మళ్ళీ కట్టడం. తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి ఎన్నికలో పదిమందిలో ఎనిమిదిమంది వచ్చి ఓటేశారు. తొమ్మిదో ఎన్నికకి వచ్చేసరికి సగం మంది కూడా గడప దాటలేదు. తొమ్మిదిసార్లలో ఏడుసార్లు మావాళ్ళు గెలిపించినాయన ప్రతిపక్షంలోనే కూర్చున్నాడు. అందుకే మాకు వంతెన రాలేదని కొందరంటారు. వంతెన రాలేదు కాబట్టే అలా వేశామని ఇంకొందరు. ఆ తగువులో నేను వేలు పెట్టను.

మిగిలిన రెండుసార్లలో ఒకటి ఆరో ఎన్నిక. ఆ ఎన్నికలో మా బాబాయ్ నిలబడ్డాడు.

బాబాయ్ తాళాలు బాగుచేస్తాడు. సగం ఊరి తలుపులు ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతిమీదుగా తెరుచుకున్నవే. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మం బయట నిలబడ్డ ప్రతివాడూ ఆయన్ని చూడగానే "నువ్వు నిలబడు, మా ఓట్లన్నీ నీకే" అనేవాడు. పాపం, నమ్మాడు. స్వతంత్ర అభ్యర్థిగా, జాబితాలో మూడో పేరుగా నిలబడ్డాడు. నియోజకవర్గం మొత్తం మీద రెండు వందల పన్నెండు ఓట్లు వచ్చాయి. దానికి ఆయనేం బాధపడలేదు. కానీ సొంత బూత్‌లో, అంటే మా ఇంట్లోవాళ్ళం ఆరుగురం ఓటేసిన నలభై ఏడో బూత్‌లో, ఆయనకు వచ్చింది సున్నా.

ఆ రోజు నుంచి ఆయన పేరు సున్నాగారు. తుప్పు పట్టిన తాళం పట్టుకొచ్చి "సున్నాగారున్నారా?" అని అడిగేవాళ్ళు. ఆయన మాట్లాడకుండా తాళం అందుకునేవాడు. ఇంట్లో మాత్రం ఒకే మాట అనేవాడు.

"నేను వేసుకున్నది ఒక్కటైనా ఉండాలి కదా! మొదటి ముద్ర మసగ్గా పడిందని రెండోసారి గట్టిగా కొట్టాను కూడా."

పిన్ని తను వేశానని ఒట్టేసింది. అమ్మా నాన్నా, నానమ్మా వేశామన్నారు. నాన్న ఆయన తరఫు ఏజెంటు, సరిగ్గా మా బూత్ లెక్క ముగిసే వేళకి టీ తాగడానికి బయటికి పోయిన ఏజెంటు. జీవితంలో మొదటిసారి ఓటుకెళ్ళిన నేను కూడా ఆయనకే వేశానన్నాను. ఆరు ఓట్లూ లెక్కలో ఎక్కడో గల్లంతయ్యాయని ఇంటిల్లిపాదీ తీర్మానించేశాం. ఇన్నేళ్ళూ ఆ తీర్మానం కిందే తలదాచుకున్నాం.

పాత కాగితాలు గుజ్జుకి వెళ్తాయని తెలిసినప్పటి నుంచి బాబాయ్ రోజూ ఫోను.

"దొరికిందా అమ్మాయ్?"

"ఇంకా లేదు బాబాయ్."

"శుక్రవారం దాటితే ఇంక దొరకదు కదా?"

"దొరకదు."

ఆయనకు ఎనభై. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు. చివరిసారి అచ్చయ్యే పుస్తకంలో కూడా తన పేరు పక్కన ఆ సున్నాయే ఉంటుందన్నది ఒక్కటే ఆయన దిగులు.

గురువారం మధ్యాహ్నం దొరికింది.

ఓట్ల లెక్కింపు బల్లమీద సందేహం వచ్చిన ఓటును కవరులో పెట్టి అధికారి బల్లకు పంపేవాళ్ళు. ఆయన చెల్లుతుందో లేదో ఒక చీటీ మీద రాసి తిప్పి పంపితే, ఆ ఓటును బూత్ లెక్కలో కలిపేవాళ్ళు. నలభై ఏడో బూత్ చీటీ తిరిగి వచ్చేసరికి ఆ బల్లవాళ్ళు లెక్క ముగించి సంతకాలు చేసి లేచిపోయారు. ఎవరో దాన్ని చేతికందిన నలభై ఎనిమిదో బూత్ కాగితానికి గుచ్చేశారు. ముప్ఫై నాలుగేళ్ళుగా అక్కడే ఉంది. గుండుసూది తుప్పు కాగితానికి పట్టేసింది.

"నలభై ఏడో బూత్. సందేహపు ఓటు ఒకటి. ఒకే గడిలో రెండు ముద్రలు. మూడో అభ్యర్థికి చెల్లును."

నాకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. అప్పుడు అర్థమైంది. ఉన్నది ఒకటే. బూత్‌లో ఇచ్చిన ఓటు కాగితాల్లో లెక్కకు తగ్గింది ఈ ఒక్కటే, మిగతా ఓట్లన్నీ సరిగ్గా కూడాయి. ఏదీ గల్లంతు కాలేదు. ఆ పెట్టెలో బాబాయ్‌కి పడింది ఆయన ఓటొక్కటే.

నానమ్మ వేయలేదు. అమ్మ వేయలేదు. నాన్న ఏజెంటు బిళ్ళ పెట్టుకుని తిరుగుతూ వేయలేదు. వాళ్ళు ముగ్గురూ ఇప్పుడు లేరు, అడగడానికీ లేదు. పిన్ని ఉంది.

నా సంగతి నాకు తెలుసు. నేను గెలిచినాయనకి వేశాను. అప్పటికి ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి ఉన్నాను, ఆయన సిఫార్సు ఉత్తరం ఇస్తానన్నాడు. ఎవరికి వేశానో ఎవరికీ తెలియదని తెలుసు. అయినా ఎలాగో తెలిసిపోతుందేమోనని భయపడ్డాను. ఉద్యోగం వచ్చింది. ఆ కుర్చీలోనే కూర్చుని ఈ చీటీ చదివాను.

సూపరింటెండెంటు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"సున్నా అయినా ఒకటి అయినా ఆయన ఓడిపోయాడు కదమ్మా. దిద్దితే కింద వివరణ రాయాలి. మీ ఇష్టం."

నా ఇష్టం! దిద్దితే ఆయన సున్నా పోతుంది, ఇంట్లోవాళ్ళ మీద నమ్మకమూ పోతుంది. చీటీని కట్టలో దోపేస్తే రేపు గుజ్జులో కలిసిపోతుంది, ఆయన సున్నాగారుగానే పోతాడు. ఏం చేయాలో తోచక సాయంత్రం ఆ చీటీతోనే వాళ్ళింటికి వెళ్ళాను. బస్సులో సీటు దొరికినా ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

పిన్ని బల్ల దగ్గర కూర్చుని కూరలు తరుగుతోంది. బాబాయ్ కిటికీ పక్క కుర్చీలో పాత తాళం ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నా మొహం చూడగానే సర్దుకుని కూర్చున్నాడు.

"దొరికిందా?"

"దొరికింది బాబాయ్."

"ఎన్ని?"

ఆరు అనేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ రేపు అచ్చులో వేరే అంకె చూస్తాడు.

"ఒకటి," అన్నాను.

పిన్ని కత్తి ఆగింది. బాబాయ్ ఆమె వైపు చూడలేదు.

"రెండు ముద్రలదేనా?"

"అదే. చెల్లుతుందని అధికారి రాశాడు. చీటీ వేరే కాగితానికి గుచ్చేశారు, అంతే."

చీటీ ఇచ్చాను. దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివాడు.

"చెల్లిందన్నమాట," అన్నాడు. "రెండోసారి కొట్టి నేనే పాడుచేసుకున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. ఉన్న ఒక్కటీ నా చేత్తో నేనే చెడగొట్టుకున్నానే అని."

ఉన్న ఒక్కటీ. అంటే ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. మా ఒట్లన్నీ విని తలూపుతూ, మేం వడ్డించింది తింటూ, ముప్ఫై నాలుగేళ్ళు తెలిసే ఉన్నాడు.

"విన్నావా? నా ఓటు చెల్లిందట," అన్నాడు పిన్నితో.

"విన్నాను," అంది పిన్ని. తల ఎత్తలేదు.

నాకు ఇక పట్టలేదు. "బాబాయ్, ఆ రోజు నేను..."

"వద్దమ్మాయ్." చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎవరికి వేశామో చెప్పకూడదు. ఎన్నికల ఆఫీసులో పనిచేస్తూ ఆ మాత్రం తెలియదా?"

నవ్వుతూనే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చి, కాళ్ళు పట్టుకుని, ఇంటికి పోయి పడుకునేదాన్ని. చీటీ తిరిగి నా చేతిలో పెట్టి, జాగ్రత్తగా తీసుకెళ్ళమన్నాడు.

శుక్రవారం పొద్దున్నే పట్టిక దిద్దాను. మూడో గడిలో సున్నా కొట్టేసి ఒకటి వేశాను. కింద వివరణ రాసి సంతకం చేశాను. అదే వరసలో మొదటి గడి గెలిచినాయనది. అందులో మూడు వందల పన్నెండు ఉన్నాయి, నాది కూడా కలిపి. ఆ అంకెను రెండుసార్లు సరిచూశాను. అందులో తప్పేమీ లేదు.