ఇసుక పోసిన ఆవకాయ టబ్బు

నేను ఒక ప్లాస్టిక్ టబ్బును. ఒకప్పుడు నెమలికంఠం నీలం. ఇప్పుడు ఏ రంగో నన్నడక్కండి, కాకినాడ ఎండ తాగేసింది. జగన్నాథపురంలో ఒక డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన బోర్లా పడి ఉన్నాను. నన్నెవరూ తిట్టరు, తియ్యరు, వాడరు. ఇలా మూలనపడ్డవాళ్ళకి మాట్లాడాలని మహా ఉబలాటంగా ఉంటుంది. తీరికుంటే కాసేపు కూచోండి.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. విరిగిన కుర్చీలూ చిల్లుపడ్డ బిందెలూ కరిగించి, ఓ రేకుల షెడ్డులో నన్ను అచ్చు పోశారు. చల్లారేదాకా ఆగే ఓపిక ఆ పనివాళ్ళకి లేకపోయింది. వేడిమీదే లాగేశారు. దాంతో అంచు దగ్గర నాకో వంకర వచ్చింది. వంకర ఉన్నవాటికి కొట్లో చోటుండదు కదా, పాత చీరలకి ప్లాస్టిక్ సామాన్లిచ్చే బండి ఎక్కేశాను. ఆ బండివాడి దగ్గర ఈ ఇంటి యజమానురాలు వరహాలమ్మగారు రెండు జరీ చీరలు పడేసి నన్ను పుచ్చుకుంది. "ఓ మగ్గు కూడా ఇవ్వవయ్యా, నీ సొమ్మేం పోయింది" అని వీధి చివరిదాకా వాడి వెంటపడింది కూడాను.

వేసవి వస్తే నా దర్జా చూడాలి! ఏడాదంతా అటక మీద పడుకున్నా, మామిడికాయలు దిగిన రోజున నేను లేనిదే ఆ ఇంట్లో పని జరగదు. నా నిండా ముక్కలు, వాటి మీద ఆవపిండి, కారం, ఉప్పు, పైన ధారగా పప్పునూనె. వరహాలమ్మగారు మోచేతిదాకా నాలో చెయ్యి పెట్టి కలుపుతుంటే, పక్కింటివాళ్ళు కూడా తుమ్ముకుంటూ వచ్చి రుచి చూసి పోయేవాళ్ళు. అలా ఎన్ని వేసవులో! పనయ్యాక సబ్బు పెట్టి తోమి, ఎండబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని "పోయిందిలే వాసన" అనేది. ఎక్కడికి పోతుందండీ? మాది ప్లాస్టిక్ ఒళ్ళు. పట్టిందంటే వదలదు. మనుషుల ముక్కుకి అందనంత మాత్రాన లేదనుకుంటే ఎలా?

తర్వాత నా అడుగున సన్నటి బీట పడింది. నూనె కారుతోందని వరహాలమ్మగారు స్టీలు గంగాళం కొనుక్కుని, నన్ను మేడమీద అద్దెకుంటున్న మంగతాయారుకి ఇచ్చేసింది. "నీకు దేనికైనా పనికొస్తుందే, ఉంచుకో" అంది. ఆ దేనికైనా అన్నది ఏమిటో తెలిస్తే నేనా రోజే ఇంకో బీట తీసుకుని చచ్చేదాన్ని.

మంగతాయారు చీరలకి ఫాల్స్ కుడుతుంది, పీకో చేస్తుంది. మొగుడు వీర్రాజుది చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని. కుట్టుమిషను కింద గుడ్డపేలికల బుట్టలో ఓ వీధిపిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. పెట్టిన కొన్నాళ్ళకి అలా బయటికెళ్ళిన తల్లి మళ్ళీ రాలేదు. ఏమైందో ఎవరికీ తెలీదు. కళ్ళు తెరిచీ తెరవని వాటికి మంగతాయారు దూదిని పాలల్లో ముంచి నోట్లో పిండింది. పక్కమీద పెట్టుకుని పడుకుంది. ఎర్రగా ఉన్నవాడు పండు, బూడిద రంగుది బూది, చారలున్నది చారమ్మ. ఆ మూడూ ఆమెకి ప్రాణం. మిషను తొక్కుతూ "అమ్మ పని చేసుకుంటోందర్రా, కాసేపాగండి" అనేది. ఆ అమ్మ తనేనన్నమాట.

పాలు తాగినన్నాళ్ళూ బాగానే ఉంది. అన్నం మెతుకులూ చేపముక్కలూ మొదలెట్టాక అసలు పని మొదలైంది. ఎక్కడ పడితే అక్కడే! తలుపు వెనక, మంచం కింద, బియ్యం డబ్బా పక్కన, వీర్రాజు బోర్లించడం మర్చిపోయిన హెల్మెట్టులో. ఆ హెల్మెట్టు తల మీద పెట్టుకున్నాక గానీ అతనికి తెలియలేదు పాపం. మంగతాయారు తుడవడం, అవి మళ్ళీ కూచోవడం. ఆమెకి తలప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు నన్ను మిషను పక్కన మూలన పెట్టి, కట్టుబడి జరుగుతున్న ఇంటి ముందునుంచి వీర్రాజు తెచ్చిన ఇసుక నాలో పోశారు. ఆవకాయ కలిపిన ఒంట్లో! నా బాధ సరే, నాది ఎలాగూ ఎవరూ అడగరు. నా భయం వేరే. వరహాలమ్మగారు మెట్లెక్కి వచ్చి, పైటకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"ఇదిగో తాయారూ, నీ మీద నాకేం లేదు. కింద నా పూజగదిలోకి కొడుతోంది కంపు. శ్రావణ శుక్రవారం వ్రతానికి ఊళ్ళో అందర్నీ పిలిచాను. ఈలోగా వాటికి పద్ధతి నేర్పావా సరే. లేదా, గోనెసంచిలో కట్టి మీ ఆయన్ని రేవులో వదిలేసి రమ్మను. అక్కడ చేపలు తిని హాయిగా బతుకుతాయి."

"నేర్పేస్తానండీ, ఎంతసేపండీ" అంది మంగతాయారు. అంటూనే మూడింటినీ ఒళ్ళోకి లాక్కుంది.

ఇక చూడండి తమాషా. నేర్పాల్సిన తల్లిపిల్లి లేదు, ఈవిడ పిల్లి కాదు. నా ముందు గొంతుక్కూచుని, ఇసుకలో వేళ్ళు పెట్టి తవ్వి చూపించేది. "చూడండర్రా, ఇలా తవ్వాలి. తర్వాత ఇలా కప్పెట్టాలి. అంతేనర్రా, ఇంతోటిదానికి ఎందుకంత రాద్ధాంతం?" మూడూ వరసగా కూచుని గుడ్లప్పగించి ఆమె చేతిని చూసేవి. గుమ్మంలోంచి వీర్రాజు "నువ్వే ఎక్కి కూచుని చూపించెయ్యవే, ఓ పనైపోద్ది" అనేవాడు. ఆమె గుప్పెడిసుక అతని మీదకి విసిరేది.

ఒక్కొక్కదాన్నీ ఎత్తి నాలో పెడితే, నిప్పుల మీద పెట్టినట్టు ఎగిరి అవతల పడేవి. ఇసుక వాటికి ఇష్టమే. కానీ ఆ ఇసుక కింద ఉన్నది నేను! ఆవఘాటు, మిరపఘాటు, ముక్కిన నూనె. గోరంత ముక్కుల్లోకి అదంతా ఎలా దూసుకుపోతోందో నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించేది. ఏం చెయ్యను? పక్కకి జరగలేను. ఒళ్ళు విదిలించుకోలేను. ఒరేయ్ నాన్నా, ఇది నా వాసనరా అనడానికి నోరు లేదు.

పండుగాడొక్కడే ఎవరూ పెట్టకుండా తనంతట తానే వచ్చాడు. వాడు శుభ్రమైన పిల్లాడండీ, ఎవరేమన్నా నేనొప్పుకోను. ముందుకాళ్ళు నా అంచు మీద ఆనించి, వాసన చూసి, తుమ్మాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా ఓ కాలు లోపల పెట్టాడు. తీశాడు. విదిలించాడు. మళ్ళీ పెట్టాడు. చివరికి ఆపుకోలేక పరిగెత్తి, తలుపు దగ్గర గోనెపట్టా మీద కానిచ్చేసి, అది కప్పెట్టాలని ఉత్త గచ్చుని ఎంతసేపు గీరాడో! పక్కన బూది చేసిన చోటా వాడే గీరేవాడు, చారమ్మ చేసిన చోటా వాడే. ఇంట్లో ఎవరు పాడుచేసినా కప్పెట్టే బాధ్యత తనదే అనుకున్నాడు వెర్రినాగన్న.

మనుషుల సంగతి చెప్పాలా? పని జరగట్లేదంటే నేను మురికిగా ఉన్నాననుకున్నారు. ఫినాయిలు పెట్టి తోమారు. నిమ్మచెక్కలు రుద్దారు. కర్పూరం బిళ్ళలు వేశారు. ఒక వాసన మీద ఇంకో వాసన. కింద నా సొంత ఘాటు ఎలాగూ ఉంది. ఆ పిల్లలు ఆ మూలకి రావడమే మానేశాయి.

వ్రతం దగ్గర పడింది. ఆ రోజు కట్టుకోవడానికి కొన్న పట్టుచీర వరహాలమ్మగారు ఫాల్ కుట్టమని మంగతాయారుకే ఇచ్చింది. చిలకాకుపచ్చ, మామిడిపిందెల అంచు. మంగతాయారు ఫాల్ కుట్టి, మడతపెట్టి, మిషను మీద పెట్టి స్టవ్వు కట్టెయ్యడానికి లోపలికెళ్ళింది. బూది ఎక్కింది. నేను చూశాను. చీర మీద గుండ్రంగా తిరిగింది, కూచుంది, దిగిపోయి మంచం కింద దూరింది. వెంటనే పండు ఎక్కాడు. అయ్యో, ఒద్దురా, దిగరా! తడిసిన చోట వాసన చూసి, ఓ కాలితో చీర అంచు లాగి, దాని మీద కప్పడం మొదలెట్టాడు. గోళ్ళకి జరీ చిక్కుకుంది. సరిగ్గా అప్పుడే మంగతాయారు వచ్చింది.

చీర ఎత్తి చూసి, పండుని చూసి, ఒక్క కేక పెట్టి గోడకి ఆనుకుని కూలబడిపోయింది. కేక విని వరహాలమ్మగారు పైకొచ్చింది. చీర చూసి తిట్టలేదు కూడా. "నీకింకా ఏం చెప్పనే తాయారూ" అని మాత్రం అని, కళ్ళు తుడుచుకుంటూ దిగిపోయింది. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

వీర్రాజు ఇంటికొచ్చేసరికి మంగతాయారు ఒక నిర్ణయానికొచ్చి కూచుంది.

"ఈ ఎర్రాడేనండీ. అంతా వీడే. ఏ మూల చూసినా వీడే గీకుతుంటాడు. వీడ్ని చూసే మిగతా రెండూ పాడైపోతున్నాయి."

"మూడిట్నీ వదిలెయ్యమందిగా ఆవిడ?"

"వీడ్ని పంపేస్తే ఆ రెండూ దార్లోకొస్తాయి. ఆవిడ కాళ్ళు పట్టుకునైనా ఒప్పిస్తాను. వీడ్ని తీసుకెళ్ళిపొండి. నా ముందు సంచిలో పెట్టకండి, అంతే."

ఆమె వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది. వీర్రాజు సంచి పట్టుకుంటే పండు అదేదో ఆటనుకుని తనే అందులో దూరాడు. నేను మూలన ఇసుక మోస్తూ చూస్తున్నాను. వాడు కాదు! ఈ ఇంట్లో పద్ధతి తెలిసినవాడు వాడొక్కడేనమ్మా! కానీ టబ్బు అరిస్తే ఎవరికి వినిపిస్తుంది? స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగింది.

మర్నాడు ఇసుక మార్చాలని మంగతాయారు పాతదంతా ఒక అట్టపెట్టె మూతలో గుమ్మరించి, నన్ను డాబా మీదకి తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. తిరిగి కిందకెళ్ళేసరికి, బూది ఆ అట్టమూతలో గొయ్యి తవ్వుతోందట. పని కానిచ్చుకుని, కప్పెట్టుకుని, దర్జాగా దిగిందట. తర్వాత చారమ్మ. మంగతాయారు డాబా మెట్ల మీంచి మొగుణ్ణి పిలిచిన పిలుపు నా దాకా వినపడింది.

"ఏవండీ, చూశారా! చెప్పేనా లేదా? పండుగాడు పోయాడు, వీళ్ళకి బుద్ధొచ్చింది!"

ఆ మాట వింటూ ఎండలో కాగడం తప్ప నేనేం చెయ్యగలను?

వ్రతం రోజు వచ్చింది. ఎవరైనా వస్తే అట్టమూత చూడ్డానికి బాగోదని, ఆమె మళ్ళీ నన్ను తెచ్చి, శుభ్రమైన ఇసుక పోసి అదే మూలన పెట్టింది. బూది వచ్చింది. వాసన చూసింది. తుమ్మి, వెళ్ళి గోనెపట్టా మీద కూచుంది. మంగతాయారు చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. పండు లేడు. మరి ఇదెందుకిలా చేసింది? ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూచుని, ఇసుక చేత్తో పక్కకి నెట్టి, లోపలికి తలపెట్టి పీల్చింది. డాబా మీద ఎండకి కాగి ఉన్నానేమో, నా ఒంట్లోంచి అన్ని వేసవులూ ఒక్కసారి పైకొచ్చాయి. ఆమె దగ్గింది. మొహం ఎర్రబడింది. మళ్ళీ తలపెట్టింది.

"అయ్యో! అయ్యయ్యో!" అంది. ఆ అరుపుకి పేరంటానికి తాంబూలాలు సర్దుతున్న వరహాలమ్మగారు పైకి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"ఈ టబ్బులో ఏం కలిపేవారండీ మీరు?"

"ఆవకాయే. నా ఆవకాయ టబ్బే కదా. దేనికి?"

మంగతాయారు చెప్పులేసుకోకుండా వీధిలోకి దిగిపోయింది. వీర్రాజు స్కూటరు తీసి వెనకాలే వెళ్ళాడు. వరహాలమ్మగారు నా వైపు చూస్తూ నిలబడిపోయింది. "నేనే ఇచ్చానమ్మా చేతులారా" అని గొణుక్కుంది. కింద పేరంటాళ్ళు రెండోసారి పిలిస్తే గానీ మెట్లు దిగలేదు.

వాళ్ళిద్దరూ పొద్దు వాలాక తిరిగొచ్చారు. రేవులో పడవ పడవకీ వెతికారట. ఐసు పెట్టెల సందుల్లో, వలల కింద, ఎండుచేపల పాకల్లో.

"చేపలమ్మే ఆవిడేమందో తెల్సాండీ?" అంది మంగతాయారు వరహాలమ్మగారితో, మెట్ల మీద కూలబడి. "ఇక్కడ పిల్లులకేం కొదవమ్మా, నచ్చింది పట్టుకెళ్ళు అంది. ఎర్రవాటిని నాలుగింటిని చూపించింది. ఏదీ వాడు కాదండీ."

వరహాలమ్మగారు పక్కన కూచుని ఆమె వీపు నిమిరింది. ఆ తర్వాత పిల్లుల ఊసెత్తలేదు. రోజూ పొద్దున్నే ఓ గిన్నెడు పాలు మాత్రం పైకి పంపుతోంది. చీర సంగతి ఎవరూ మాట్లాడుకోలేదు.

నన్ను మళ్ళీ డాబా ఎక్కించి, ఈ ట్యాంకు పక్కన బోర్లించి వదిలేశారు. కోపంతో విసిరికొట్టినా బాగుండేది. అలా చెయ్యలేదు, మంగతాయారు మెల్లిగా పెట్టింది. ఇంట్లో ఆ రెండూ కొత్తగా తెచ్చిన పళ్ళెంలో బుద్ధిగా తవ్వుకుంటున్నాయట. ఎవరైనా వస్తే మంగతాయారు ఇప్పుడు గర్వంగా చూపించదు. పళ్ళెం ఓ పక్కకి జరిపేస్తుంది.

వీర్రాజు పనినుంచి వస్తూ ఇప్పటికీ రేవంతా ఒక చుట్టు తిరిగొస్తాడు. మెట్లు ఎక్కే చప్పుడు వినగానే ఆమె గుమ్మంలోకొచ్చి అతని చేతుల వైపు చూస్తుంది.

సాయంత్రం బట్టలు తీసుకోవడానికి వచ్చినప్పుడు, మంగతాయారు పిట్టగోడ దగ్గరికెళ్ళి రేవు వైపు తిరిగి "పండూ, ఒరేయ్ పండూ" అని పిలుస్తుంది. ఆ గొంతు వినగానే బూదీ చారమ్మా తోకలు నిలబెట్టుకుని మెట్లన్నీ ఎగబాకి, పరిగెత్తుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికొచ్చి పడతాయి. ఆ పేరు తమదేననుకుంటాయి.

"మిమ్మల్ని కాదర్రా" అంటుంది మంగతాయారు.

అని, మళ్ళీ పిలుస్తుంది.